పన్ను పోయిన చోట ఎముక మిగిలిందా?

"నాకు సైనసు ఉందండీ" అని మనలో చాలామంది అంటూంటాం. తల బరువెక్కినా, ముక్కు దిబ్బడ వేసినా అదే మాట. నిజానికి సైనసు దాదాపు మనందరికీ ఉంటుంది. అది జబ్బు పేరు కాదు, ముఖం ఎముకల్లో ఉండే గాలి గది పేరు. ఆ గదిలో వాపు వస్తే దాన్ని సైనసైటిస్ అంటారు. మనం పొట్టిగా గది పేరునే జబ్బుకు పెట్టేసుకున్నాం. ఈవేళ నేను చెప్పబోయేది ఆ జబ్బు గురించి కాదు, ఆ గది గురించి. పోయిన పన్ను స్థానంలో కొత్త పన్ను పెట్టించుకుందామని వెళ్తే, డాక్టరు ఆ గది ఊసెందుకు ఎత్తుతారో చెప్తాను.

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగరలో మా చిన్నమ్మ ఉంది. అరవై దాటిన మనిషి. పన్నెండేళ్ల కిందట పైదవడలో కుడివైపు రెండు దవడ పళ్లు పుచ్చిపోతే తీయించుకుంది. "ఎడమ దిక్కు పండ్లున్నయి గద బిడ్డా, వాటితోనే నములుకుంట" అని ఊరుకుంది. ఎందుకు ఊరుకుందో మనకు తెలియనిది కాదు. ఆ ఏడు కూతురి పెళ్లి, మరుసటేడు బోరు వేయించడం, ఆ తర్వాత మనవడి ఫీజు. ఇంట్లో అందరి అవసరాలూ తీరాక ఏమైనా మిగిలితే అప్పుడు తన నోటి సంగతి. అట్లా పన్నెండేళ్లు గడిచాయి. కిందటేడు ఎడమవైపు పన్ను కూడా కదలడం మొదలయ్యేసరికి జొన్నరొట్టె చారులో నానబెట్టుకు తినే స్థితికి వచ్చింది. అప్పుడు కోడలు పట్టుబట్టి వరంగల్ తీసుకొచ్చింది. నేనూ వెంట వెళ్లాను.

డాక్టరు గారు స్కాను తీయించి చూశారు. "అమ్మా, ఇక్కడ ఎముక 3 మిల్లీమీటర్లే మిగిలింది. పైనున్న సైనసు కిందికి దిగింది. ముందు సైనసును లేపి ఎముక నింపాలి. ఇంప్లాంటు ఆ తర్వాతే" అన్నారు. చిన్నమ్మ నా మొహం చూసి, "పన్ను కోసమొస్తే ముక్కు దాకా పోతున్నరేంది బిడ్డా?" అంది. ఆమె అడిగింది సరైన ప్రశ్నే. డాక్టరు గారు ఓపిగ్గా చెప్పినవీ, తర్వాత నేను చదివి తెలుసుకున్నవీ కలిపి మీ ముందుంచుతున్నాను.

మన పైదవడను రెండంతస్తుల ఇల్లనుకోండి. చెంప ఎముక వెనకాల, ముక్కుకు అటూ ఇటూ ఒక్కొక్క ఖాళీ గది ఉంటుంది. అదే సైనసు. పెద్దవాళ్లలో ఒక్కొక్కటి సుమారు 12 నుంచి 15 మిల్లీలీటర్లు పడుతుంది, అంటే పెద్ద చెంచాడు. ఆ గది నేలకూ మన చిగురుకూ మధ్య ఉన్న ఎముకే స్లాబు. పై దవడ పళ్ల వేళ్లు ఆ స్లాబులో దిగి ఉంటాయి. కొందరికి ఆ వేళ్ల కొనలు సైనసు నేలను తాకుతున్నట్టే ఉంటాయి. గది లోపల నేల మీదా గోడల మీదా జంపఖానా పరిచినట్టు ఒక పల్చని పొర ఉంటుంది. దాని మందం సాధారణంగా ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

ఈ గది గురించి 1651లో ఇంగ్లండుకు చెందిన నథానియల్ హైమోర్ అనే వైద్యుడు తన గ్రంథంలో వివరంగా రాశాడు. ఆయన దగ్గరికొచ్చిన ఒకావిడకు పై పన్ను తీశాక ఆ చోట సందు పడింది. ఆమె అందులోకి వెండి పుల్ల పెట్టి చూసుకుంది. తర్వాత పక్షి ఈకను దూర్చితే అది లోపలికి పోతూనే ఉంది. మెదడు దాకా పోయిందని హడలిపోయిన ఆమెకు, అక్కడ పుట్టుకతోనే ఖాళీ ఉంటుందని ఆయన చెప్పాల్సి వచ్చింది. అందుకే చాలాకాలం ఆ గదిని హైమోర్ పేరుతోనే పిలిచారు. మూడువందల డెబ్బై ఏళ్ల తర్వాత మా చిన్నమ్మ వేసిన ప్రశ్నా అదే గదా!

ఇక పన్ను పోయాక ఏమవుతుందో చూడండి. ఎముకకు పని ఉన్నంతకాలమే బలం. నమిలినప్పుడల్లా పంటి వేరు ద్వారా ఎముక మీద ఒత్తిడి పడుతుంది, ఆ ఒత్తిడే దాన్ని నిలబెడుతుంది. పన్ను పోగానే ఆ పని పోయి, చిగురు వైపు నుంచి ఎముక కరగడం మొదలవుతుంది. ఎక్కువ నష్టం జరిగేది మొదటి ఏడాదిలోనే. దవడ పన్ను తీసిన చోట ఎముక వెడల్పు 12 నెలల్లో దాదాపు సగం తగ్గిందని కొలిచి చూసినవాళ్లున్నారు. పైవైపు నుంచి సైనసు గది కూడా కిందికి జరుగుతూ వస్తుంది. ఇట్లా పై నుంచీ కింది నుంచీ అరిగి స్లాబు పల్చబడుతుంది. నొప్పి ఉండదు, వాపు ఉండదు. అందుకే మనకు తెలియదు.

ఇంప్లాంటు అంటే ఎముకలో బిగించే టైటానియం మర. దాని మీద పింగాణీ పన్ను కూర్చోబెడతారు. టైటానియాన్ని ఎముక తనలో కలుపుకుంటుందని కనిపెట్టినవారు స్వీడన్ దేశపు పరిశోధకుడు పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్. 1952లో కుందేలు ఎముకలో పరీక్ష కోసం పెట్టిన టైటానియం పరికరం తిరిగి ఊడి రాలేదట. ఆ సంగతి పట్టుకుని పరిశోధించి, 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించారు.

మన ఇంట్లో ఫ్యాను కొక్కెం స్లాబులో గట్టిగా దిగితేనే ఫ్యాను నిలుస్తుంది. స్లాబు పల్చగా ఉంటే కొక్కెం పైగదిలోకి పొడుచుకుపోతుంది, కిందికి ఊడినా ఊడుతుంది. మామూలు ఇంప్లాంటు పొడవు 8 నుంచి 13 మిల్లీమీటర్లు. మా చిన్నమ్మకు ఉన్న ఎముక 3. మరి ఏం చేయాలి? పైగదిలో జంపఖానాను మెల్లిగా లేపి, దాని కింద ఎముక పొడి నింపి, స్లాబు మందం పెంచాలి. దీన్నే సైనసు లిఫ్ట్ అంటారు. 1970ల మధ్యలో అమెరికాలో హిల్ట్ టేటమ్ అనే దంత వైద్యుడు ఈ పని మొదలుపెట్టారు. 1980లో బాయిన్, జేమ్స్ అనే ఇద్దరు వైద్యులు దాన్ని వైద్య పత్రికలో ప్రకటించారు.

ఈ ఆపరేషన్‌లో ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఏ దారిలో వెళ్లాలో చెప్పేది మన భయమూ కాదు, డబ్బూ కాదు, మిగిలిన ఎముక ఎన్ని మిల్లీమీటర్లన్నది.

మొదటిది కింది నుంచి వెళ్లే దారి. ఎముక సుమారు 5 మిల్లీమీటర్లు, ఆ పైన ఉంటే ఇది పనికొస్తుంది. ఇంప్లాంటు కోసం చేసే రంధ్రంలో నుంచే పోయి, సైనసు నేలను కొద్దికొద్దిగా పైకి నెట్టి, అందులోనే కాస్త ఎముక పొడి పెట్టి, సాధారణంగా అదే రోజు ఇంప్లాంటు బిగిస్తారు. 1994లో రాబర్ట్ సమ్మర్స్ అనే వైద్యుడు ఈ పద్ధతిని వివరించారు. ఆ పద్ధతిలో చిన్న సుత్తితో తడతారు. మత్తు ఇంజక్షను ఇస్తారు కనుక నొప్పి తెలియదు గానీ, తట్టిన చప్పుడు తలలో మోగినట్టు వినిపిస్తుంది. ఇప్పుడు సుత్తి లేకుండా ప్రత్యేకమైన డ్రిల్లులతోనో, నీటి ఒత్తిడితోనో లేపేవాళ్లూ ఉన్నారు. కోత చిన్నది, వాపు తక్కువ. కాకపోతే ఎత్తు కూడా 3, 4 మిల్లీమీటర్లకు మించి పెద్దగా పెరగదు. డాక్టరుకు లోపలి పొర కంటికి కనిపించదు.

రెండోది పక్క నుంచి కిటికీ తీసే దారి. ఎముక 5 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే ఎక్కువగా ఇదే. ఇదీ సాధారణంగా నోటికి మాత్రం మత్తిచ్చి చేసేదే. చెంప వైపు చిగురును తెరిచి, ఎముకలో సుమారు సెంటీమీటరు కిటికీ కోస్తారు. అందులోంచి మొండి పరికరాలతో పొరను చుట్టూ విడదీసి పైకి లేపి, ఏర్పడిన ఖాళీలో ఎముక పొడి నింపుతారు. కిటికీ మీద ఇంకో పల్చటి పొర కప్పి, చిగురు మూసి కుట్లు వేస్తారు. మిగిలిన ఎముక 4, 5 మిల్లీమీటర్లుండి మర బిగువుగా నిలిస్తే ఇంప్లాంటు అప్పుడే పెట్టొచ్చు. అంతకంటే తక్కువైతే 6 నుంచి 9 నెలలు ఆగి, ఆ పొడి ఎముకగా గట్టిపడ్డాక పెడతారు. ఆ ఇంప్లాంటు కుదురుకోవడానికి మళ్లీ కొన్ని నెలలు. అంతా కలిపి ఏడాది పైమాటే.

ఇందులో అసలు నేర్పంతా ఆ పొర చిరగకుండా చూడడంలో ఉంది. నేర్చుకునే డాక్టర్లు పచ్చి కోడిగుడ్ల మీద అభ్యాసం చేస్తారు. పెంకులో కిటికీ కోయాలి, లోపలి పొర మాత్రం చిరగకూడదు. ఒకసారి వంటింట్లో ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది! కిటికీ పద్ధతిలో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి పొర ఎంతో కొంత చిరుగుతుందని లెక్కలున్నాయి. చిరుగు చిన్నదైతే అక్కడే అతుకు వేసి పని కొనసాగిస్తారు. పెద్దదైతే ఆపి, మూసేసి, కొన్ని నెలల తర్వాత మళ్లీ రమ్మంటారు. అట్లా ఆపేస్తే "డబ్బు తీసుకుని సగంలో వదిలేశాడు" అనుకోకండి. మొండిగా ముందుకు పోయి, పొడి సైనసులో పడి, చీము పట్టడం కంటే ఆగడమే మేలు.

ఇక ఎముక పొడి సంగతి. దీన్ని మనం తప్పకుండా అడగాలి. అది నాలుగు చోట్ల నుంచి రావచ్చు. మన గడ్డం దగ్గరి నుంచో, కింది దవడ వెనక నుంచో, పెద్ద మొత్తం కావాలంటే తుంటి నుంచో తీసిన మన సొంత ఎముక ఒకటి. దానం చేసిన ఇతరుల ఎముకను శుద్ధి చేసింది రెండు. జంతువుల ఎముకను శుద్ధి చేసింది మూడు, దీంట్లో ఎక్కువగా వాడేది ఆవు జాతి పశువులది. ఫ్యాక్టరీలో కాల్షియం ఫాస్ఫేటు లవణాలతో తయారు చేసింది నాలుగు. కిటికీ మీద కప్పే పొర కూడా పశువుదో పందిదో అయ్యుండొచ్చు. వైద్యపరంగా ఇవన్నీ వాడుకలో ఉన్నవే. కానీ మనలో గోవును పూజించే వాళ్లున్నారు, పంది పేరెత్తని వాళ్లున్నారు. అంతా అయ్యాక బిల్లు చూసి తెలుసుకుంటే మనసు చివుక్కుమంటుంది. ఫ్యాక్టరీ పొడి కావాలనో, సొంత ఎముక వాడమనో ముందే అడిగే హక్కు మనది. దేని మంచిచెడ్డలేమిటో డాక్టరు చెప్తారు. మా చిన్నమ్మ మొదట అడిగింది ఇదే.

సైనసు లేపించుకోకపోతే వేరే దారి లేదా? ఉంది. 6, 8 మిల్లీమీటర్ల పొట్టి ఇంప్లాంట్లు ఉన్నాయి. ఎముక 4 నుంచి 9 మిల్లీమీటర్లున్న చోట సైనసు లేపడం మేలా, పొట్టి ఇంప్లాంటు మేలా అని 2014లో కాక్రేన్ సంస్థవాళ్లు పరిశోధనలన్నీ కలిపి పరిశీలించారు. పన్ను పెట్టిన ఏడాది వరకు చూస్తే ఒకటి రెండోదానికంటే మేలని తేల్చడానికి సాక్ష్యం చాలదన్నారు. కాబట్టి "పొట్టిది సరిపోదా డాక్టరు గారూ?" అని అడగడం తెలివితక్కువ కాదు. పైదవడలో పళ్లన్నీ పోయినవాళ్లకు సైనసును తప్పించి ఏటవాలుగా మరలు బిగించడం, చెంప ఎముకలోకి పొడుగు మరలు దించడం కూడా ఉన్నాయి. అవి పెద్ద పనులు, బాగా అనుభవమున్న చోటే చేయించుకోవాలి. అటూ ఇటూ పళ్లుంటే వాటిని అరగదీసి బ్రిడ్జి కట్టొచ్చు. ఇవేవీ వద్దంటే తీసి పెట్టుకునే కట్టుడు పళ్లు ఉండనే ఉన్నాయి.

సైనసు లేపి పెట్టిన ఇంప్లాంట్లలో నూటికి తొంభైకి పైగా కొన్నేళ్లపాటు బాగానే నిలుస్తున్నాయి. అయితే కొందరు ముందుగా కొన్ని సరిచూసుకోవాలి. జలుబు, సైనసైటిస్ ఉంటే అది తగ్గాలి. దీర్ఘకాలంగా ఉంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. షుగరు అదుపులో ఉండాలి. చుట్టా బీడీ సిగరెట్టు మానాలి, పొగ తాగేవాళ్లలో ఇవి చెడిపోవడం ఎక్కువ. ఎముకలు గుల్లబారకుండా మాత్రలో, ఏడాదికోసారి ఇంజక్షనో తీసుకునేవాళ్లు ఆ మాట తప్పకుండా చెప్పాలి. మన వయసు ఆడవాళ్లలో అవి వాడేవాళ్లు చాలామందే. రక్తం పల్చబడే మందులు మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టరుతో మాట్లాడించండి.

ఆపరేషన్ అయ్యాక రెండు వారాల జాగ్రత్త మన చేతిలో ఉంది. ముక్కు గట్టిగా చీదకూడదు. తుమ్ము వస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి. నోరు మూసి తుమ్మితే ఆ గాలి తోపుకు కొత్తగా పెట్టిన పొడి కదులుతుంది. అందుకని ఆ రెండు వారాలు పోపు పెట్టడం, మిరపకాయలు దంచడం ఇంకెవరికైనా అప్పగించండి. స్ట్రాతో తాగకూడదు, శంఖం గానీ బుడగ గానీ ఊదకూడదు. వంగి బరువులెత్తకూడదు, నీళ్ల బిందెలు, తడిబట్టల బకెట్లు కూడా బరువే. తల కాస్త ఎత్తులో పెట్టి పడుకోవాలి. జావ, పెరుగన్నం, మెత్తటి కిచిడీ చల్లార్చి తినాలి. విమాన ప్రయాణముంటే డాక్టరునడగాలి. మొదటి ఒకటి రెండు రోజులు ముక్కులోంచి కాస్త రక్తం కనిపించడం, చెంప వాచడం మామూలే. మూడు రోజుల తర్వాత వాపు పెరిగినా, జ్వరమొచ్చినా, చెడు వాసన వచ్చినా, తాగిన నీళ్లు ముక్కులోకి వచ్చినా, ముక్కులోంచి రవ్వలాంటి పలుకులు రాలినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక సరే అనేముందు అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకు వెళ్లండి. నాకు ఎముక ఎన్ని మిల్లీమీటర్లుంది? స్కానులో నాకు చూపించండి. ఏ దారిలో లేపుతారు? పొట్టి ఇంప్లాంటు కుదరదా? పొడి దేనిది? ఇంప్లాంటు ఆరోజేనా, తర్వాతా? పొర చిరిగితే ఏం చేస్తారు, దానికి మళ్లీ డబ్బు కట్టాలా? స్కాను, పొడి, మర, పైపన్ను అన్నీ కలిపి ఎంతవుతుందో కాగితం మీద రాసిస్తారా? చాలాసార్లు "ఇంప్లాంటు ఇంత" అని చెప్పిన ధరలో పైపన్ను ఉండదు, పొడి ఉండదు. పని అయ్యాక మర కంపెనీ పేరు, కొలతలు ఉన్న చీటీ తీసుకుని దాచుకోండి, పదేళ్ల తర్వాత అవసరమొస్తుంది. ఖర్చు భారమనిపిస్తే దంత వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో విచారించండి. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, ఖమ్మంలో మమత కళాశాల ఉంది. అధ్యాపకుల పర్యవేక్షణలో పని జరుగుతుంది. కళాశాలల్లో ఖర్చు సాధారణంగా బయటికంటే తక్కువ, సమయం ఎక్కువ.

మా చిన్నమ్మ ఏం చేసిందంటారా? అన్నీ విన్నది. కిటికీ తీయాలి, తొమ్మిది నెలలు ఆగాలి, ఆమెకు షుగరు కూడా ఎక్కువే. "ఏడాది దవాఖాన్ల చుట్టు తిరిగే ఓపిక నాకు లేదు సారూ, తీసి పెట్టుకునే పండ్లు చేసియ్యుండ్రి" అంది. డాక్టరు గారు బలవంతపెట్టలేదు. ఇప్పుడు రొట్టె నానబెట్టకుండానే తింటోంది. తెలుసుకుని వద్దనుకోవడం వేరు, తెలియక భయపడి పారిపోవడం వేరు.

ఆరోజు ఇంకో సంగతి జరిగింది. లేవబోతూ చిన్నమ్మ కోడలి వైపు తిరిగి, "దీనిది గూడ జర చూడుండ్రి సారూ, నిరుడు పన్ను పీకించుకుని చెప్పకుంట తిరుగుతాంది" అంది. మరదలు "నాకేమైంది అత్తమ్మా, వదినా మీరన్న చెప్పుండ్రి" అని సిగ్గుపడింది. చూస్తే ఆమెకు ఎముక 6 మిల్లీమీటర్లుంది. ఏడాది మాత్రమే అయింది కనుక కింది నుంచి లేపే చిన్న దారి సరిపోయింది. అదే రోజు మర పెట్టారు, కొన్ని నెలలకు పన్ను వచ్చింది. ఒకే ఇంట్లో అత్తకు పన్నెండేళ్లు, కోడలికి ఒక్క ఏడాది. అంత తేడాకు కారణాలు ఇంకా ఉండొచ్చు గానీ, కాలం మాత్రం ఒక పెద్ద కారణం.

కనుక అక్కలారా, చెల్లెళ్లారా, పై దవడ పన్ను తీయించుకోవాల్సి వస్తే ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే అడగండి: "ఈ పన్ను తీయకుండా కాపాడలేమా? తీయక తప్పదంటే ఆ గుంతలో ఎముక కరగకుండా ఏమైనా పెట్టొచ్చా? కొత్త పన్ను ఎప్పటిలోగా పెట్టించుకోవాలి?" అప్పుడు గుంతలో కాస్త పొడి నింపి ఉంచితే ఎముక కరగడం కొంత తగ్గుతుంది. పూర్తిగా ఆగకపోయినా, తర్వాత పెద్ద ఆపరేషన్ చిన్నదయ్యే అవకాశముంది. పిల్లల ఫీజుకు గడువు తేదీ ఉంటుంది, కరెంటు బిల్లుకూ ఉంటుంది. మన పన్నుకూ ఒక తేదీ రాసి క్యాలెండరు మీద పెట్టుకుందాం. సెలవు.